ఉద్యోగం ఓడరేవులో, చదువు పాసింజర్ రైల్లో: సముద్ర న్యాయంలో పీజీ చేసిన అనుభవం

మాది శ్రీకాకుళం జిల్లా బారువ దగ్గరి ఊరు. కాపురం విజయనగరంలో, ఉద్యోగం విశాఖపట్నం పోర్టులో ఒక షిప్పింగ్ ఏజెన్సీలో. ఓడ లంగరు వేసిన దగ్గర్నుంచి సరుకు దించుకుని మళ్లీ బయటికి పోయేదాకా దాని కాగితాలన్నీ మా చేతుల మీదుగానే నడుస్తాయి. ఈ పని చేసుకుంటూనే సముద్ర న్యాయంలో రెండేళ్ల పీజీ పూర్తి చేశాను. ఉద్యోగంలో ఉండి అది చదవగలమా, చదివితే ఏమొస్తుంది అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికి ఫోన్లో సగం సగం చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ఎందుకు చదవాలనిపించిందో ముందు చెప్పాలి. ఉద్దానంలో, అంటే మా సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం వైపు, ఓడెక్కిన కుర్రాడు లేని వీధి తక్కువ. తాతల తరం వాళ్లు రంగం, అంటే రంగూన్, వెళ్లారు. ఇప్పటివాళ్లు ముంబై వెళ్లి, కోర్సులు చేసి, సీడీసీ, అంటే నావికుడి గుర్తింపు పుస్తకం, చేత పట్టుకుని ఏ జెండా ఓడ దొరికితే ఆ ఓడ ఎక్కుతున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి తోటల్ని, జీడి తోటల్ని నేలమట్టం చేశాక ఈ పోక ఇంకా పెరిగింది. కొబ్బరి చెట్టు మళ్లీ కాపుకొచ్చేదాకా ఇల్లు గడవాలి కదా. అప్పు చేసి ఏజెంటు చేతిలో లక్షలు పోసి పిల్లల్ని పంపిన ఇళ్లు నాకు తెలుసు. ఇంతమంది ఓడలెక్కే చోట, ఓడ మీద జీతం ఆగిపోతే ఎవర్ని అడగాలో, ఏ చట్టం కింద అడగాలో చెప్పే మనిషి మాత్రం కనబడడు.

నేను పోర్టులో ఉంటానని తెలిసి కవిటి వైపు నుంచి ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన జిరాక్స్ కాగితం తీశాడు.

"బాబూ, మా గుంటడికి ఆర్నెల్లై జీతం నేదు. ఓడ ఏదో పరాయి దేశం రేవులో ఆగిపోనాది. యజమాని ఫోనెత్తడు. దిగిపోతే జీతం పోతాదంతన్నారు, దిగకపోతే తిండి నేదంతన్నాడు. ఏటి సెయ్యమంతావు?"

అది ఆ కుర్రాడి కాంట్రాక్టు. దాన్లో ఉన్న ఇంగ్లీషు నాకు అర్థమైంది, దాని వెనకున్న చట్టం అర్థం కాలేదు. ఓడ కట్టడానికి బెర్త్ ఎప్పుడు దొరుకుతుంది, ఓడకు రేవులో దారి చూపే పైలట్ ఎప్పుడెక్కుతాడు, కస్టమ్స్‌కి ఏ కాగితం ఇవ్వాలి అంటే నిద్రలో అడిగినా చెప్తాను. ఆయన అడిగినదానికి జవాబు నా దగ్గర లేదు. ఆ వారంలోనే కోర్సుల గురించి వెతకడం మొదలుపెట్టాను.

వెతికితే తేలింది ఇది. న్యాయంలో పీజీ అయిన ఎల్‌ఎల్‌ఎం చేయాలంటే ముందు ఎల్‌ఎల్‌బీ ఉండాలి, నాది బీకాం. గుజరాత్ మారిటైమ్ యూనివర్సిటీ లాంటి చోట చదవాలంటే ఉద్యోగం మానేసి అక్కడే ఉండాలి. ఇంగ్లండ్ విశ్వవిద్యాలయాల దూరవిద్య కోర్సులు మంచివే కానీ ఆ ఫీజు మన జీతానికి అందదు. చివరికి హైదరాబాద్‌లోని ఒక న్యాయ విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఇచ్చే పీజీలో చేరాను. దానికి ఏ డిగ్రీ అయినా చాలు. చేరే ముందే మనసులో తేల్చుకోవాల్సిన మాట ఒకటుంది: ఈ చదువుతో నల్లకోటు రాదు. కోర్టులో నిలబడి వాదించే హక్కు ఎల్‌ఎల్‌బీ చేసి బార్ కౌన్సిల్లో నమోదైనవాళ్లకే. అది కావాలనుకునేవాళ్లు ఇందులో చేరి తర్వాత బాధపడొద్దు. నాకు కావాల్సింది వేరే కాబట్టి చేరాను.

చదువంతా రైల్లోనే సాగింది. పొద్దున పలాస వైపు నుంచి వచ్చే పాసింజర్‌లో విజయనగరంలో ఎక్కితే కోరుకొండ, అలమండ, కంటకాపల్లి దాటేదాకా కాస్త కూర్చుని చదువుకోవచ్చు. కొత్తవలసలో జనం ఎక్కుతారు, అక్కణ్నుంచి నిలబడి చదవాలి. ఫోన్లో పీడీఎఫ్ చదవడం నావల్ల కాలేదు. అందుకని కోట దగ్గర జిరాక్స్ షాపులో ఒక్కో అంతర్జాతీయ ఒప్పందాన్నీ విడివిడిగా ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించాను. సముద్రం మీద సరుకు రవాణాకు వర్తించే హేగ్-విస్బీ నియమాలు ఒకటి, నావికుల కార్మిక ఒప్పందం ఒకటి, సముద్ర చట్టాల ఒప్పందం ఒకటి. పని ఉన్న రాత్రుల్లో ఓడ బయల్దేరేదాకా పోర్టులోనే ఉండాలి. పైలట్ కోసం ఎదురుచూసే ఆ గంటలు కూడా చదువుకే పోయాయి.

పాసింజర్‌లో నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన తీర్పు ఎం.వి. ఎలిజబెత్ కేసు. ఈ రంగంలో ఉన్నవాళ్లు దాని పేరు విననివాళ్లు ఉండరు, కానీ అది మన విశాఖ రేవులో మొదలైన కేసని చాలామందికి తెలియదు. 1984 ఫిబ్రవరిలో ఆ విదేశీ ఓడ మర్మగోవాలో సరుకు ఎక్కించుకుని, ఎగుమతిదారుకు ఇవ్వాల్సిన బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడెక్కిందని ఓడవాళ్లిచ్చే రసీదు, దాన్ని చూపిస్తేనే సరుకు ఇవ్వాలి) ఇవ్వకుండానే బయల్దేరింది. రస్ అల్ ఖైమాలో ఆ సరుకును బిల్లు లేకుండానే అప్పగించేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆ ఓడ విశాఖపట్నం వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో దాన్ని అరెస్టు చేశారు. ఓడ యజమాని వాదన ఏమిటంటే, మేం విదేశీయులం, మాకు ఇక్కడ ఇల్లూ లేదు ఆఫీసూ లేదు, 1861 నాటి అడ్మిరాల్టీ చట్టం, అంటే ఓడల తగాదాల చట్టం, రేవులోకి వచ్చే సరుకు గురించి చెప్పింది గానీ బయటికి పోయే సరుకు గురించి చెప్పలేదు, పైగా ఆంధ్రా హైకోర్టుకు అసలు ఆ అధికారమే లేదు అని.

1992లో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. జస్టిస్ థామ్మెన్ రాసిన తీర్పు అది. బ్రిటిష్‌వాళ్లు పందొమ్మిదో శతాబ్దంలో రాసిపెట్టిన చట్టం దగ్గర మన హైకోర్టుల అధికారం గడ్డకట్టుకుపోదని, హక్కు ఉన్నచోట దాన్ని నిలబెట్టుకునే దారి కూడా ఉండాలని అందులో వివరంగా రాశారు. నేను రోజూ నడిచే జెట్టీల్లో ఏదో ఒకదానికి కట్టి ఉన్న ఓడ గురించి దేశం మొత్తానికి వర్తించే తీర్పు వచ్చిందని తెలిసినప్పుడు ఒళ్లు పులకరించింది. సింహాచలం స్టేషన్ ఎప్పుడు దాటిందో తెలియలేదు. ఆ తీర్పు తర్వాత పాతికేళ్లకు 2017లో అడ్మిరాల్టీ చట్టం వచ్చింది, 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. తీర రాష్ట్రాల హైకోర్టులకు ఓడలను అరెస్టు చేసే అధికారం ఇప్పుడు చట్టంలోనే స్పష్టంగా ఉంది.

ఓడను అరెస్టు చేయడమంటే మొదట్లో మా వాళ్లకి వింతగా ఉండేది. బాకీ పడ్డవాడు ఊళ్లో లేకపోతే సంతకొచ్చిన వాడి బండిని పట్టుకుని కూర్చున్నట్టే ఇది. యజమాని ఏ దేశంలో ఉన్నా, ఓడ మన రేవులో ఉంటే దావా ఓడ మీదే వేస్తారు. యజమాని పూచీకత్తు కడితే ఓడ కదులుతుంది, కట్టకపోతే వేలం. ఉద్యోగంలో నేను అరెస్టులు చూశాను. ఉత్తర్వు కాపీ పోర్టుకి, కస్టమ్స్‌కి, ఏజెంటుగా మాకూ వస్తుంది, ఓడ మీద అందరికీ కనబడేచోట అతికిస్తారు. అక్కణ్నుంచి మాకు కష్టకాలం. మంచినీళ్లు అయిపోతాయి, కూరగాయలు అయిపోతాయి, జనరేటర్‌కి డీజిల్ అయిపోతుంది. యజమాని డబ్బు పంపడు. సరుకులు అరువిచ్చిన దుకాణదారు మా ఆఫీసుకొచ్చి కూర్చుంటాడు. చదవకముందు నాకు అదంతా ఒకటే గందరగోళం. చదివాక దాంట్లో ఒక వరుస కనిపించింది. 2017 చట్టం తొమ్మిదో సెక్షన్‌లో ఎవరి బాకీ ముందు, ఎవరిది వెనక అన్నది రాసి ఉంది. అందరికంటే ముందు కెప్టెన్, సిబ్బంది జీతాలు. తర్వాత ప్రాణనష్టం, గాయాల పరిహారం. తర్వాత ఆపదలో ఓడను కాపాడినవాళ్ల ప్రతిఫలం. తర్వాత పోర్టు బకాయిలు. కూరగాయలు ఇచ్చిన దుకాణదారుకు కూడా దావా వేసే హక్కు ఉంది కానీ ఈ ముందువరుసలో చోటు లేదు. జీతం ఆగిన కుర్రాడు బ్యాంకు కంటే కూడా ముందుంటాడని చదివిన రోజు, కవిటి పెద్దాయన నాలుగు మడతల కాగితం గుర్తొచ్చింది.

కోర్సులో అన్నిటికంటే కష్టం తీర్పులు చదవడం. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. పాత ఇంగ్లండ్ తీర్పుల్లో ఒక్కో వాక్యం అర పేజీ ఉంటుంది. నాకు పనికొచ్చిన పద్ధతి చెప్తాను. ముందు చివరి పేరా చదివి ఎవరు గెలిచారో తెలుసుకోవడం, తర్వాత జరిగిందేమిటో చదవడం, ఆ తర్వాతే వాదనల్లోకి దిగడం. రాత్రి ఇంటికొచ్చాక దాన్ని మా ఆవిడకు తెలుగులో చెప్పేవాణ్ని. తను స్కూల్లో లెక్కలు చెప్తుంది. ప్రతి కేసు చివర ఒకటే ప్రశ్న వేసేది: "అయితే ఆఖరికి నష్టం ఎవరికండీ?" దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోతే ఆ కేసు నాకు అర్థం కానట్టే. మళ్లీ చదివేవాణ్ని. 2021లో సూయజ్ కాలువకు అడ్డంగా ఇరుక్కున్న ఎవర్ గివెన్ కేసు చెప్పినప్పుడు తను ఒప్పుకోలేదు. దాని సిబ్బంది పాతికమందీ భారతీయులే. ఓడను బయటికి తీశాక యజమాని జనరల్ యావరేజ్ ప్రకటించాడు. అంటే ఓడనూ సరుకునూ కలిపి కాపాడటానికి అయిన ఖర్చును ఓడవాళ్లతో పాటు అందులో సరుకున్న ప్రతివాళ్లూ తమ సరుకు విలువను బట్టి పంచుకోవాలి, పూచీకత్తు ఇస్తేగానీ సరుకు చేతికి రాదు. "ఇరుక్కున్నది ఓడ, డబ్బు కట్టేది కంటైనర్లో బట్టలున్నవాడా?" అంది. ఈ పంపకం లెక్క చెప్పే యార్క్-ఆంట్వెర్ప్ నియమాలు తీసి ఆ లెక్క కాగితం మీద వేసి చూపించాల్సి వచ్చింది. వేసి చూపించాక నాకే బాగా అర్థమైంది.

ఉద్యోగంలో ఉంటూ చదివేవాడికి దొరికే లాభం ఎలాంటిదో ఒక కాగితంతో చెప్తాను. దాని పేరు స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్. ఓడ వచ్చిన నిమిషం నుంచి వెళ్లిన నిమిషం దాకా ఏం జరిగిందో రాసే పట్టిక. అది రాసేది మేమే. అల్పపీడనం పట్టిన రోజుల్లో ఎరువుల ఓడ దగ్గర పట్టిక ఇలా ఉంటుంది: 14:10కి వాన మొదలు, 14:25కి హేచ్‌లు (సరుకు గదుల మూతలు) మూశారు, 16:50కి వాన ఆగింది, 17:15కి దింపుడు మళ్లీ మొదలు. ఇంతకుముందు ఈ అంకెలు రాసి, సంతకం పెట్టించి, ఫైల్లో పెట్టడమే నా పని. ఇప్పుడు ఆ 16:50కీ 17:15కీ మధ్య పాతిక నిమిషాలు ఎవరి ఖాతాలో పడతాయన్నది నా కళ్ల ముందు ఆడుతుంది. వాతావరణం అనుకూలించిన పనిదినాల్నే లెక్కపెట్టాలని చార్టర్ పార్టీలో, అంటే ఓడ అద్దె ఒప్పందంలో, ఉంటే వాన పడ్డ సమయం సరుకు దించడానికిచ్చిన గడువులోకి రాదు. వాన ఆగాక హేచ్ తెరవడంలో ఓడవాళ్లు ఆలస్యం చేశారా, కూలీల ముఠా రావడం ఆలస్యమైందా అన్నదాని మీద తగువు. అదే గడువు దాటి డెమరేజ్, అంటే ఓడను ఎక్కువసేపు ఆపినందుకు కట్టే సొమ్ము, మొదలైపోయిందనుకోండి, ఇక వాన పడినా ఆదివారమైనా మీటర్ ఆగదు. ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప అదే నియమం. చార్టర్ పార్టీల పేపర్లో ఈ అధ్యాయం మీద ప్రశ్న వచ్చినప్పుడు నేను పుస్తకం గుర్తు తెచ్చుకోలేదు. జెట్టీ మీద తడుస్తూ ఫోర్‌మన్‌తో, చీఫ్ ఆఫీసర్‌తో వాదించిన సాయంత్రాలు గుర్తు తెచ్చుకున్నాను.

ఒక జాగ్రత్త మాత్రం మొదటి నుంచీ పాటించాను. ఆఫీసు ఫైళ్లలోది ఏదీ అసైన్‌మెంట్లలో వాడలేదు, ఓడల పేర్లు కూడా. మేం యజమాని నియమించిన ఏజెంట్లం, ఆ నమ్మకం మీదే మా రొట్టె ఉంది. లా చదువుతున్నానని తెలిశాక ఆఫీసులో కొందరు నన్ను కాస్త అనుమానంగా చూశారు కూడా. ఓడ మీదికి వెళ్లినప్పుడు సిబ్బంది ఎవరైనా జీతాల సంగతి అడిగితే యజమానికి వ్యతిరేకంగా సలహా ఇవ్వడం నా పని కాదు. కానీ ఓడలోనే ఫిర్యాదు చేసే పద్ధతి ఉందని, దాని కాపీ ప్రతి నావికుడికీ ఇవ్వాలని నావికుల కార్మిక ఒప్పందంలో ఉంది. రేవులో ఓడల తనిఖీ చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్‌కి కూడా చెప్పుకోవచ్చు. అది చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ గీత ఎక్కడుందో తేల్చుకోవడం నాకు కోర్సులోని ఏ పేపర్ కంటే కూడా ఎక్కువ ఆలోచన పెట్టించింది.

పలాస సంగతి రాయాలి. మా బావ అక్కడ జీడి ఫ్యాక్టరీలో గుమస్తా. పలాసలో మన ఉద్దానం జీడిపిక్కతో పాటు ఆఫ్రికా నుంచి కంటైనర్లలో వచ్చే పిక్క కూడా ఆడుతుంది. ఒకసారి కంటైనర్ తలుపు తీస్తే పై వరస గోనెసంచులన్నీ తడిసి బూజు పట్టి ఉన్నాయి. ఆఫ్రికా వేడిలో మూసిన పెట్టె సముద్రం మీద చల్లబడితే లోపలి తేమ పైకప్పుకి పట్టి చుక్కలుగా కిందికి కారుతుంది. మా ఏజెన్సీకి ఆ కంటైనర్ తెచ్చిన షిప్పింగ్ లైన్‌తో సంబంధం లేదు కాబట్టి మాట్లాడగలిగాను. బావ ఫోన్ చేసేసరికి సంచులు దించేయబోతున్నారు.

"బావా, ఒక్క సంచి కూడా కదపొద్దు. ముందు సీల్ నంబరు కనబడేలా ఫోటో తియ్యి, పైకప్పు ఫోటో తియ్యి, సర్వేయర్ని పిలిపించు" అన్నాను.

పైకి కనబడని నష్టమైతే మూడు రోజుల్లోగా ఓడవాళ్లకు రాతపూర్వకంగా తెలపాలన్నది హేగ్ నియమాల్లో ఉంది. ఇవ్వకపోతే హక్కు పోదు గానీ, సరుకు బాగానే అందిందన్న ఊహతో కేసు మొదలవుతుంది. అసలు ప్రమాదం ఇంకోటి: దావాకు గడువు డెలివరీ నుంచి ఒక్క ఏడాదే. మన వ్యాపారస్తులు ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పాం కదా అని కూర్చుంటారు, ఈలోగా ఏడాది దాటుతుంది, ఆనక ఓడవాళ్ల మీద ఎవరికీ హక్కు మిగలదు. ఇంకో చిక్కు కూడా ఉంది. మన దేశపు సముద్ర సరుకు రవాణా చట్టం మన రేవుల నుంచి బయల్దేరే సరుకుకు వర్తిస్తుంది, దిగుమతికి కాదు. దిగుమతికి ఏ నియమాలో బిల్ ఆఫ్ లేడింగ్ వెనక చీమల్లాంటి అక్షరాల్లో ఉంటుంది. ఆ రాత్రి బావ వాట్సాప్‌లో పంపిన బిల్లు వెనక పేజీని పెద్దది చేసుకుని ఆ నిబంధన పట్టుకున్నాను. వాళ్లు తర్వాత వకీలుని పెట్టుకుని గడువు పొడిగింపు రాతపూర్వకంగా తీసుకున్నారు. క్లెయిము ఇంకా నడుస్తోంది.

అంతర్జాతీయ సముద్ర చట్టం పేపర్ నాకు సులువుగా ఉంటుందనుకున్నాను. 12 నాటికల్ మైళ్లు ప్రాదేశిక జలాలు, 200 మైళ్లు ప్రత్యేక ఆర్థిక మండలి (చేపలవేట లాంటి వాటిపై ఆ తీర దేశానికే హక్కుండే సముద్రం), అంతేకదా అని. సెలవుకి ఊరెళ్లి ఆ పుస్తకం తీసినప్పుడు మా నాన్న పక్కన కూర్చున్నాడు. ఆయన వేట మానేసి కొన్నేళ్లయింది. ఎచ్చెర్ల మండలం డి. మత్స్యలేశం వైపు మనవాళ్లు గుజరాత్ వెరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేస్తూ 2018 నవంబర్లో పాకిస్తాన్‌వాళ్లకు పట్టుబడటం, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదల కావడం మా జిల్లాలో అందరికీ తెలిసిందే. ఆ ఏడాదికి పైగా వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు పడ్డ బాధా తెలిసిందే.

"సముద్రం మీద గీత ఎవులు గీసినారు? ఎక్కడుంతాది?" అన్నాడు నాన్న.

1982 సముద్ర చట్టాల ఒప్పందం 73వ అధికరణం తీసి చూపించాను. ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపలవేట నిబంధన మీరినందుకు, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, జైలుశిక్ష వేయకూడదని అందులో ఉంది. తగిన పూచీకత్తు తీసుకుని బోటునూ మనుషుల్నీ త్వరగా వదిలేయాలనీ ఉంది. భారత్, పాకిస్తాన్ రెండూ ఆ ఒప్పందంలో ఉన్నాయి. కానీ గుజరాత్, సింధ్‌ల నడుమ ఉన్న సర్ క్రీక్ పాయ దగ్గర రెండు దేశాల మధ్య సముద్ర సరిహద్దే ఇప్పటికీ తేలలేదు. ఎవరి నీళ్లో తేలని చోట ఏ నిబంధన ఎవరికి వర్తిస్తుందో చెప్పే దిక్కు లేదు. నాన్న చాలాసేపు ఆ పేజీ వైపే చూసి, "రాసిందైతే బాగానే ఉంది" అన్నాడు. ఆ పేపర్లో నాకు వచ్చిన మార్కులు మామూలువే. చదివిన వాటిలో మా ఊరికి అన్నిటికంటే దగ్గరిది మాత్రం ఆ అధికరణమే.

నేను చదువుతుండగానే చట్టాలు మారిపోవడం ఇంకో కథ. 2025లో పార్లమెంటు వరసపెట్టి ఐదు చట్టాలు చేసింది. 1856 నాటి బిల్ ఆఫ్ లేడింగ్ చట్టం, 1925 నాటి సముద్ర సరుకు రవాణా చట్టం, 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం, 1908 నాటి పోర్టుల చట్టం, అన్నిటి స్థానంలో కొత్తవి వచ్చాయి. తీరప్రాంత రవాణాకు విడిగా ఒకటి వచ్చింది. స్పైరల్ బైండింగ్ చేయించిన పుస్తకాల్లో కొన్ని పాతబడిపోయాయి, మా క్లాసులో అందరికీ పెద్ద టెన్షన్. నేను మాత్రం దాన్ని అదృష్టమనే అంటాను. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని సెక్షన్ వెంట సెక్షన్ చదివితే ఏది మారిందో, ఏది మారలేదో, ఎందుకో తెలిసింది. అదే ఏడాది మే నెలలో కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా-3 అనే కంటైనర్ ఓడ మునిగింది. తర్వాత కేరళ హైకోర్టు విళింజంలో అకిటెటా-2 అనే ఇంకో ఓడను అరెస్టు చేయమంది. మునిగిన ఓడ బదులు అదే యజమానికి చెందిన వేరే ఓడను పట్టుకోవచ్చన్న నియమాన్ని మేం పుస్తకంలో చదువుతున్న రోజుల్లోనే పేపర్లో చూశాం.

కాంటాక్ట్ క్లాసులకి విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లొచ్చేవాణ్ని. సెలవు దొరకడమే గండం. పరీక్షల రోజుల్లో ఎరువుల ఓడలు వరసగా వస్తే సెలవు ఇవ్వలేమన్నారు. నా సహోద్యోగి ఒకతను తన రాత్రిళ్లు నా రాత్రిళ్లు కలిపి చేసి నన్ను పంపాడు. ఆ రుణం తీరేది కాదు. మిగతా పేపర్ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మెరైన్ ఇన్సూరెన్స్ మాత్రం ఉద్యోగం ఉన్నవాళ్లకి బాగా పనికొస్తుంది, 1963 చట్టం మొత్తం చదవండి, నోట్సుల మీద ఆధారపడొద్దు.

చివరి సెమిస్టర్లో పరిశోధన వ్యాసం. యజమాని వదిలేసిన ఓడల్లో సిబ్బంది జీతాలు, ఇదీ నా అంశం. గైడ్ ఇంకా గంభీరమైన అంశాలు సూచించారు కానీ నేను మారలేదు. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్క ప్రకారం 2024లో 312 ఓడల మీద 3,133 మంది నావికుల్ని యజమానులు వదిలేశారు. దేశాలవారీగా చూస్తే వాళ్లలో భారతీయులే ఎక్కువ. 2006 నావికుల కార్మిక ఒప్పందానికి 2014లో చేసిన సవరణల ప్రకారం, కనీసం రెండు నెలల జీతం ఎగ్గొడితే అది ఓడను వదిలేసినట్టే లెక్క. అలాంటప్పుడు ఇంటికి చేర్చే ఖర్చు, నాలుగు నెలల దాకా జీతం ఇచ్చే ఆర్థిక హామీ ప్రతి ఓడకూ ముందే ఉండాలి. ఆ హామీ పత్రాన్ని ఓడలో సిబ్బందికి కనబడేచోట అతికించాలి.

కవిటి పెద్దాయన కొడుకు విషయంలో ఆ పత్రమే పనికొచ్చింది. అప్పటికి నేను మొదటి ఏడాదిలోనే ఉన్నాను. వీడియో కాల్‌లో కుర్రాణ్ని మెస్ రూంలో నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లమన్నాను. పాత డ్రిల్ షెడ్యూళ్ల కింద, నూనె మరకలతో, ఉంది. ఫోటో తీయించాను. ఇన్సూరెన్స్ ఇచ్చిన క్లబ్ (ఓడ యజమానుల బీమా సంఘం) పేరు, ఫోన్ నంబరు, గడువు తేదీ అన్నీ ఉన్నాయి, గడువు ఇంకా మిగిలి ఉంది. క్లబ్‌కి, ఓడ ఏ దేశపు జెండాతో తిరుగుతోందో ఆ దేశానికి, కార్మికుల సమాఖ్యకి, ఓడలూ నావికుల వ్యవహారాలు చూసే మన కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్‌కి ఒకే ఉత్తరం పంపించాం. ఓడలో ఉన్నవాళ్లంతా సంతకాలు పెట్టారు. సమయం పట్టింది, కానీ ఇంటికొచ్చాడు, నాలుగు నెలల జీతం చేతికొచ్చింది. మిగతా బకాయి కోసం ఆ ఓడ ఉన్న దేశంలో వకీలు ద్వారా దావా వేశారు. వాణ్ని పంపిన ఏజెంటుకు లైసెన్సే లేదని అప్పుడు తెలిసింది. పెద్దాయన కట్టిన డబ్బు మాత్రం ఇప్పటికీ తిరిగి రాలేదు. ఓడ ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోవడమే నిషిద్ధమని ఒప్పందంలో ఉందని చెప్తే, "మరి అందరూ తీసుకుంతన్నారు కదా బాబూ" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

జీతం పెరిగిందా అని అడిగేవాళ్లకి: కొంచెం పెరిగింది, ఇప్పుడు క్లెయిముల పని కూడా నాకే ఇస్తున్నారు. సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టు కడుతున్నారు, 2023 ఏప్రిల్లో శంకుస్థాపన అయింది. అది నడవడం మొదలైతే ఏజెన్సీలు, సర్వేయర్లు, క్లెయిములు చూసేవాళ్లు మన జిల్లాలోనే కావాలి. ఓడరేవు పనిలో ఉన్న పిల్లలు ఈ చదువు వైపు రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. సముద్రం తెలిసినవాళ్లు మన దగ్గర కొల్లలు, సముద్రం మీద కాగితం తెలిసినవాళ్లే కరువు.

ఇప్పుడు సెలవుకి ఊరెళ్తే సోంపేటలో కుర్రాళ్లు కాంట్రాక్టులు పట్టుకొస్తారు. సంతకం పెట్టకముందే రమ్మంటాను. పంపే కంపెనీకి ఆర్పీఎస్ఎల్ లైసెన్సు, అంటే నావికుల్ని ఓడలకు పంపడానికి ప్రభుత్వమిచ్చే అనుమతి, ఉందో లేదో డీజీ షిప్పింగ్ సైట్‌లో వాళ్ల చేతే చూపిస్తాను. ఓడ పేరు మారొచ్చు, ఓడకు ఒక్కసారే ఇచ్చే ఏడంకెల ఐఎంఓ గుర్తింపు నంబరు మారదు కాబట్టి అది రాసుకోమంటాను. ఓడెక్కిన మొదటి వారంలోనే నోటీసు బోర్డు మీది హామీ పత్రం ఫోటో తీసి ఇంటికి పంపమంటాను. నెలనెలా ఇచ్చే జీతం లెక్క చీటీ పారేయొద్దంటాను. జీతం ఆగితే, ఏ తేదీన అందాల్సింది అందలేదో రాసిపెట్టుకోమంటాను. మన 2017 చట్టంలో మిగతావాళ్ల ముందువరుస హక్కులకు ఏడాదే గడువు, జీతానికి రెండేళ్లు. ఆ రెండేళ్లూ ఆ తేదీ నుంచే లెక్క.